మరుభూమిలోని గుగ్గులు



జోధపురము దాటి పడమరకు సాగినకొలదిని చెట్లు పొట్టివై, పొదలై, ఆ పొదలును ఎడమెడమై, జైసల్మేరు చేరునప్పటికి, ఏడాది పొడుగునను కురిసిన వానను కూడినను 200 మిల్లీమీటర్లకు మించని మరుభూమి కనులయెదుట పరచుకొనును. వర్షాభావమునకు దక్షిణదేశమున పేరుమోసిన మన అనంతపురమునకు ఏటేట లభించు వానలో అది మూడవవంతు మాత్రమే. ఎండ సంగతి చెప్పవలెనన్న, ఆ ప్రాంతమందలి ఫలోదీ పట్టణమున 2016వ సంవత్సరము మే 19వ తేదీన ఉష్ణమానము 51 డిగ్రీల సెంటిగ్రేడును అందుకొన్నది. ఇట్టి దేశములో, ఇసుక తిన్నెలపై కంటె రాతి గుట్టల వాలులలోను, ఆరావళీ పర్వతముల పడమటి చరియలలోను, గుజరాతునందలి కచ్ఛ ప్రాంతమునను, సరిహద్దునకు ఆవల సింధు బెలూచిస్థానములందును, మనిషి ఎత్తునకు కొంచె మెక్కువగా పెరిగి, వంకరలు తిరిగిన కొమ్మల చివర ముండ్లు దాల్చి, సంవత్సరములో అధికభాగము ఎండిపోయినదేమో యని భ్రమ గొలుపు పొద యొకటి కలదు. దాని పేరు గుగ్గులు. ఆ పొద జీవించు విధమును, దాని బెరడున పుట్టు ఔషధద్రవ్యమును, ఆ రెంటిని గూర్చి జీవసాంకేతిక శాస్త్రజ్ఞులు చేసిన కృషిని, ఆ కృషి ఇకమీదట ఏ దిక్కునకు నడవవలెనని నేను విశ్వసించుచున్నానో ఆ విషయమును మీకు విన్నవింప దలచినాను.

ఎడారిలో ఆకు తొడుగుట మొక్కకు మిక్కిలి వ్యయముతో కూడిన పని. బొగ్గుపులుసు వాయువును లోనికి గొనుటకై ఆకునందలి సూక్ష్మరంధ్రములు తెరచుకొనినపుడెల్ల, ఆ ద్వారముననే లోపలి నీరు ఆవిరియై వెలుపలికి పోవుచుండును. నీరు పుష్కలముగా నున్న చోట ఈ నష్టమును మొక్క లెక్కచేయదు గాని, మరుభూమిలో అది ప్రాణముతో చెలగాటము. అందువలన గుగ్గులు వానలు కురిసిన కొలది వారములలో చిన్న చిన్న ఆకులు తొడిగి, తేమ ఆరగానే వానిని రాల్చివేసి, తక్కిన మాసములన్నియు మోడై నిలుచును. అయినను అది నిద్రించుట లేదు. పలుచని పొరలుగా లేచి ఊడిపోవు పైబెరడును తొలగించి చూచినచో, క్రింద పచ్చని పొర యొకటి కనబడును. ఆకులు లేని కాలమున సూర్యరశ్మిని గ్రహించి కొంత ఆహారమును తయారుచేయు పనిని ఆ బెరడే నెరవేర్చుచున్నది.

ఇక ఆ బెరడు లోపల, ఆహారరసము ప్రవహించు భాగమున, సన్నని నాళములు వ్యాపించియుండును. జిగురును, సర్జరసమును, సుగంధ తైలమును కలసిన చిక్కని ద్రవము వానియందు నిండియుండును. పురుగు తొలిచినను, పశువు కొరికినను, కత్తి గాటు పడినను, ఆ ద్రవము బయటికి ఉబికి, గాయముపై గడ్డకట్టి, దానిని మూసివేయును. ఇంతటి రక్షణకు కారణము లేకపోలేదు. వర్షము సమృద్ధిగా గల దేశములోని మొక్క ఒక కొమ్మ పోగొట్టుకొనినచో మరునెలలో మరియొకటి వేసికొనగలదు. ఎడారి మొక్కకు అట్టి అవకాశము లేదు, పోయిన కొమ్మను తిరిగి సంపాదించుకొనుటకు దానికి సంవత్సరములు పట్టును గనుక, ఉన్నదానిని కాపాడుకొనుటకే తన సంపాదనలో పెద్దభాగమును వెచ్చించును. తైలములు, సర్జరసములు, చేదుపదార్థములు, విషములు, ఆక్సిజను వలన కలుగు దహనమును అణచు వర్ణద్రవ్యములు మొదలైనవి మరుభూమి వృక్షములలో ఇంత విస్తారముగా కనబడుటకు, మానవుడు వానిని ఔషధములుగా వెదకుకొనుచు పోవుటకు, మూలము ఇక్కడనే యున్నది. మనకు మందైనది దానికి ఆత్మరక్షణ.

ఇచట శ్రోతలకు ఒక సంగతి స్పష్టపరచవలసియున్నది. మన యిండ్లలో శనివారమునాడో పురిటి గదిలోనో నిప్పులపై చల్లు గుగ్గిలము సాధారణముగా వేరు వృక్షముల సర్జరసము. నేను చెప్పుచున్న గుగ్గులు మన మూలికల అంగళ్ళలో మైసాక్షి అను పేర దొరకునది. యోగరాజ గుగ్గులు, కాంచనార గుగ్గులు మొదలైన గుళికలలో ఆయుర్వేద వైద్యులు త్రిఫలా కషాయమున ఉడికించి శుద్ధిచేసి వాడునది ఇదియే. వృక్షశాస్త్రజ్ఞులు దీని జాతినామములో, మద్రాసు రాజధానిలో వైద్యుడుగా నుండి దక్షిణదేశపు వృక్షసంపదను గ్రంథస్థము చేసిన రాబర్టు వైటు పేరును నిలిపినారు.

సుశ్రుత సంహితలో మేదోరోగమును గూర్చి, కొవ్వు పెరిగి స్రోతస్సులను అడ్డగించుటను గూర్చి చెప్పిన భాగమును చదివి, ఆ వర్ణనకును, ధమనులలో కొలెస్టరాలు పేరుకొనుటయని నేటి వైద్యులు చెప్పు వ్యాధికిని గల పోలికను గుర్తించి, గుగ్గులును ప్రయోగశాలలో పరీక్షకు నిలిపిన వారు డాక్టరు జి.వి. సత్యవతి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1966లో ఆమె సమర్పించిన సిద్ధాంతగ్రంథము, కొలెస్టరాలు అధికముగా గల ఆహారమును తినిపించిన కుందేళ్ళలో ఈ సర్జరసము రక్తమందలి కొవ్వులను తగ్గించెనని నిరూపించినది. ఆమె తరువాతి కాలమున భారతీయ వైద్య పరిశోధన మండలికి డైరెక్టరు జనరలుగా పనిచేసిరి. ప్రాచీన గ్రంథములో ఏమున్నదో గర్వముతో చెప్పుకొనువారు మనలో అనేకులు. ఆ వాక్యమును పరీక్షింపదగిన ప్రశ్నగా మార్చి, సమాధానము దొరకువరకు ఓర్పుతో పనిచేసిన వారు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో సత్యవతిగారికి అగ్రస్థాన మీయవలెనని నా నిశ్చితాభిప్రాయము.

అటుపిమ్మట రసాయన శాస్త్రజ్ఞులు రంగమున ప్రవేశించినారు. 1972లో సుఖదేవ్ గారును వారి సహచరులును గుగ్గులునందలి పదార్థములను వేరుచేసి వాని నిర్మాణమును ప్రకటించిరి. వానిలో ముఖ్యమైనది గుగ్గులుస్టీరోను, 21 కార్బను పరమాణువులు గల స్టీరాయిడు, ఇ యనియు జెడ్ యనియు రెండు రూపములలో లభించునది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థవారు జంతువులపైనను, తరువాత రోగులపైనను పరీక్షలు జరిపి, ఆ సర్జరసమునుండి తీసిన సారమును గుగులిపిడ్ అను పేర 1980వ దశకము చివర వైద్యులకు అందుబాటులోనికి తెచ్చిరి. 2002లో అమెరికాలోని బేలరు వైద్య కళాశాల పరిశోధకులు, పిత్తామ్లముల రాకను కణమునకు తెలుపు ఎఫ్.ఎక్స్.ఆర్. అను గ్రాహకమును గుగ్గులుస్టీరోను అడ్డగించుచున్నదని కనుగొనినపుడు, ఈ ఎడారి పొద పేరు ప్రపంచ వైజ్ఞానిక పత్రికల కెక్కినది. మరుసటి సంవత్సరమే, 103 మంది అమెరికనులపై 8 వారములు జరిపిన పరీక్షలో ఫలితము విపరీతముగా వచ్చినది: హానికరమైన కొలెస్టరాలు తగ్గుటకు మారుగా కొద్దిగా హెచ్చినది, కొందరికి ఒంటిపై దద్దురులు లేచినవి. అంతకుముందు మన దేశమున జరిగిన పరీక్షలలో అది తగ్గినట్లు కనబడియుండెను. అమెరికా ఫలితమును చూపి ఆయుర్వేదము ఓడిపోయినదని చంకలు గుద్దుకొనుటయు, పరదేశీయులు చేసినది గనుక చెల్లదని త్రోసివేయుటయు, రెండును సత్యాన్వేషణకు దూరమైన మార్గములు. ఒక అణువు కణమున ఏమి చేయుచున్నదో తెలిసినంతమాత్రమున, అది రోగికి ఏమి మేలు చేయునో తెలిసినట్లు కాదు. భిన్నాహారము, భిన్నదేహతత్త్వము గల జనులలో, తగిన సంఖ్యలో, తగినంత కాలము పరీక్షించినగాని తీర్పు చెప్పరాదు.

అయితే ఈ వాదములన్నియు నడచుచుండగా పొదకు ఏమి సంభవించినదో చూడుడు. ఔషధ పరిశ్రమలో గిరాకీ పెరిగినది, వెల పెరిగినది. బెరడుపై లోతులేని చిన్న గాట్లు పెట్టి, చలికాలము మొదలు వేసవివరకు స్రవించిన ద్రవము గడ్డకట్టిన పిమ్మట కొన్ని దినములకొకసారి గీకి తెచ్చుట పూర్వపు పద్ధతి. మొక్కను నాటిన ఎనిమిది పది సంవత్సరములకు గాని అది గాటునకు తగినంత లావు కాదు, అయినను ఒక్కొక్క పొద ఇచ్చునది కొన్ని వందల గ్రాములే. ఈ కొద్దిపాటి రాబడిని పెంచవలెనను సదుద్దేశముతోనే ఢిల్లీ విశ్వవిద్యాలయమునందు హెచ్.వై. మోహన్ రాం గారును వారి సహచరులును పరిశోధించి, గాటు పెట్టినచోట ఎథిఫాన్ అను రసాయనమును మితముగా ప్రయోగించినచో స్రావము ఇరువది రెట్లకు మించి హెచ్చునని 1989లో ప్రకటించిరి. ఎథిఫాన్ మొక్కలో ఎథిలీను వాయువును విడుదల చేయును. ఆ వాయువు మొక్కకు గాయము తగిలినదని తెలుపు సంకేతము. సంకేతము బలమైనకొలది రక్షణద్రవ్యము అధికముగా పుట్టును. శాస్త్రముగా ఇది చక్కని ఆవిష్కరణ. కాని మోతాదు తెలియక, లేదా తెలిసియు రేపటి ఆశ లేక, లోతైన గాట్లతో తీవ్రమైన రసాయనములను పట్టించిన చోటులందు పొద ఒక్క ఋతువులో తనకున్నదంతయు ధారపోసి ఎండిపోయినది. ఆ పొద ఉన్న గుట్టపై ఎవరికిని హక్కు లేదు. ఈ ఏడు తాను విడిచిపెట్టినదానిని మరునాడు వేరొకడు గీకుకొనిపోవునని ఎరిగిన పేదవానిని, మితముగా తీసికొమ్మని ఉపదేశించుట సులభము కాదు. అతని దోషమును ఎంచుటకు ముందు అతనికి ఆ పొదపై భవిష్యత్తు నీయవలసియుండెను. ఫలితముగా గుగ్గులు నేడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారి పట్టికలో అంతరించుటకు అత్యంత సమీపమున ఉన్న జాతుల వర్గమున చేరినది. మన ఔషధశాలలు పాకిస్తానునుండి దానిని దిగుమతి చేసికొనవలసి వచ్చినది.

ఇట్టి స్థితిలో మొక్క తనంతట తాను ఏల పుంజుకొనలేకపోయినదని అడుగవచ్చును. దానికి సమాధానమును సైతము ఢిల్లీలోని ఆ వృక్షశాస్త్రజ్ఞులే చెప్పిరి. గుప్త, శివన్న, మోహన్ రాం గారలు 1996లో ప్రకటించిన పరిశోధనమును నేను గుగ్గులును గూర్చిన వ్రాతలన్నిటిలోను మిక్కిలి విలువైనదిగా ఎంచుచున్నాను. గుగ్గులులో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. మగ మొక్కలు అత్యంత విరళము. పుప్పొడి లేనిదే విత్తనము పుట్టదని మనము తలతుము గదా. ఈ పొదలో పుప్పొడి సోకని పూవునందును విత్తనము కట్టును. అండము ఫలదీకరణము చెందకయే, దాని చుట్టునున్న తల్లి కణములనుండియే పిండములు పుట్టును. ఒకే విత్తనములో ఒకటికి మించిన పిండములును ఉండును. తండ్రి లేని ఈ సంతానము, ఒక దస్తావేజునకు తీసిన నకళ్ళవలె, తల్లికి సర్వవిధముల సమానము. మగ మొక్కయు, తేనెటీగయు దొరకని నిర్జన ప్రదేశమున వంశము నిలుపుకొనుటకు ఇది గొప్ప ఉపాయమే. కాని దీనికొక మూల్యమున్నది. గుట్టపై నూరు పొదలున్నను, వంశలక్షణముల దృష్ట్యా అవి కొద్ది పొదలే కావచ్చును. క్రొత్త పురుగు వచ్చినను, క్రొత్త తెగులు వచ్చినను, ఎండ తీవ్రత మారినను, ఒకదానిని చంపునది అన్నిటిని చంపగలదు. పైగా విత్తనములలో మొలకెత్తునవి తక్కువ, మొలకెత్తినవానిలో తొలి వేసవిని దాటునవి మరింత తక్కువ.

జీవసాంకేతిక శాస్త్రము ఈ మొక్క విషయమున రెండు దారులు త్రొక్కినది. మొదటిది కణజాల సంవర్ధనము: కణుపు ముక్కనో, పిండమునో తీసికొని, లవణములు, చక్కెర, వృద్ధికారకములు కలిపిన పోషకద్రవ్యముపై గాజుపాత్రలో పెంచి, వందలు వేలుగా మొక్కలు చేయుట. ముదిరిన చెట్లనుండి తీసిన ముక్కలతో ఈ పని సాధ్యమని 1990వ దశకమునందే తేలినది. ఆ పిమ్మట ఉదయపురమున కె.జి. రామావత్ గారి శిష్యబృందము సాధారణ కణములనుండి పిండములను పుట్టించి మొక్కలుగా ఎదిగించిరి. రెండవది, మొక్కయే అవసరము లేకుండ దాని కణములను ద్రవములో తేల్చి పెంచి, ఔషధమును ఆ కణములచేతనే చేయించుట. అడవిపై గాటు పడదు, ఋతువుతో పని లేదు, వాన రాకకై వేచియుండ నక్కరలేదు. వినుటకు ఇంతకంటె ఉత్తమమైన ఉపాయము కానరాదు. ఉదయపురములోనే ఆ కణములను చిన్న పాత్రలలోను, యంత్రముచే కలియబెట్టు పెద్ద పాత్రలలోను పెంచి చూచిరి. కణములు పెరిగినవి, గుగ్గులుస్టీరోను కూడ పుట్టినది. కాని పుట్టినది లీటరునకు మైక్రోగ్రాముల లెక్కన. అనగా గ్రాములో పదిలక్షలవ భాగములలో కొలువదగినంత.

ఏల ఇంత స్వల్పము? ఈ ప్రశ్నపై క్షణకాలము నిలువదగును. పాత్రలోని కణమునకు చక్కెర కలదు, నీరు కలదు, ఎండ లేదు, శత్రువు లేదు. అంతకంటె ముఖ్యముగా, అది ఇంకను బెరడు కాలేదు. సర్జరసమును తయారుచేసి దాచుకొను నాళము దానిలో ఏర్పడలేదు. అందుచేతనే పరిశోధకులు ఆ కణములను ఏదో విధముగా కలవరపెట్టి, వృద్ధికారకములను మార్చి, శిలీంధ్రముల అంశములను కలిపి, శత్రువు వచ్చినదను భ్రమ కల్పించి, ఉత్పత్తిని పెంచుటకు యత్నించిరి, కొంత పెంచిరి. కాని మరుభూమిలో శతాబ్దముల తరబడి గాలి, రాయి, దప్పిక, పురుగు కలసి నేర్పిన విద్యను గాజుపాత్రలోని కణమునకు సంపూర్ణముగా నేర్పుట ఇంతవరకు సాధ్యపడలేదు. ఔషధమును కట్టించు జన్యువులను ఒక్కొక్కటిగా గుర్తించి, వానిని ఈస్టువంటి సూక్ష్మజీవులలో ప్రవేశపెట్టి చేయించు మార్గము మున్ముందు తెరచుకొనవచ్చును. అయితే ఆ జన్యువులను వెదకుటకైనను బ్రతికియున్న గుగ్గులు కావలెను గదా.

నేను చెప్పదలచిన మాట ఈ చోట నున్నది. కణజాల సంవర్ధనముతో మేలుజాతి పొద నొకదానిని ఎన్నుకొని లక్షలుగా పెంచి ఎడారియంతట నాటుదమను ఉత్సాహము కొందరిలో కనబడుచున్నది. కాని గుగ్గులునకు నకళ్ళ కొరత లేదు. నకళ్ళను అది మనకంటె చక్కగా తానే తీసికొనుచున్నది. దానికి కొరవడినది వైవిధ్యము. ఒకే తల్లి సంతతిని మరింత విస్తరింపజేసినచో, మొక్కకున్న బలహీనతనే మనము ప్రయోగశాలలో ప్రభుత్వధనముతో వృద్ధిచేసినవారమగుదుము. కనుక జీవసాంకేతిక శాస్త్రమునకు ఇచట ప్రథమ కర్తవ్యము సంఖ్యను పెంచుట కాదు, భేదమును కనుగొనుట. ఏ గుట్టపై పొద ఏ గుట్టపై పొదకంటె ఎంత భిన్నమో డి.ఎన్.ఏ. గుర్తుల సహాయమున చెప్పవచ్చును. ఈ విధమైన పరిశీలనలు రాజస్థానమునను గుజరాతునను ఆరంభమైనవి. మిగిలియున్న మగ మొక్కలను వెదకి, వానికి కంచె కట్టి, కొమ్మలు నాటి వాని సంఖ్య పెంచి, ఆడ మొక్కల చెంతకు చేర్చవలెను. ఫలదీకరణము వలన పుట్టిన విత్తనములను, తల్లికణముల వలన పుట్టినవానినుండి మొలకదశలోనే వేరుపరచుటకు ఆ డి.ఎన్.ఏ. పరీక్షలే సాధనములు. ఇది వార్తాపత్రికల మొదటి పుటకు ఎక్కు పని కాదు. పేటెంటు తెచ్చు పనియు కాదు. అయినను దీనిని చేయకుండ తక్కిన పనులకు పునాది లేదు.

ఈ సందర్భమున మరియొక పరిశోధనమును స్మరింపవలెను. మన పల్లెల చెరువుగట్లను, కచ్ఛములోని బన్ని పచ్చికబయళ్ళను సమానముగా ఆక్రమించిన సర్కారు తుమ్మనుండి, దప్పికవేళ కణమున పుట్టు విషములను అణచు ప్రొటీను తాలూకు జన్యువును తీసి, చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు పొగాకు మొక్కలో ప్రవేశపెట్టగా, ఆ పొగాకు నీటియెద్దడిని మునుపటికంటె మెరుగుగా తట్టుకొన్నది. పరదేశమునుండి వచ్చి కంపయై వ్యాపించిన మొక్కకే ఇంతటి విద్య యున్నదన్న, మన మరుభూమియందే అనాదిగా నిలిచిన గుగ్గులు జన్యువులలో ఏమేమి యున్నవో ఊహింపవచ్చును.

జోధపురమున 1952లో ఎడారి వనీకరణ కేంద్రముగా ఆరంభమై, 1959లో కేంద్ర శుష్కప్రాంత పరిశోధన సంస్థగా రూపొందిన పరిశోధనాలయమును, అదే నగరమందలి శుష్క వన పరిశోధన సంస్థయు ఈ పనికి సహజమైన స్థానములు. వర్షారంభమునకు ముందు పొద కొమ్మలను బొటనవ్రేలి లావున కోసి, నారుమడిలో వేరుపోయించి, గుట్టలపై నాటు పద్ధతి అచటి రైతులకు సులువైనది. గాజుపాత్ర కంటె చౌకైనది. ఏ యే తల్లుల కొమ్మలు నాటవలెనో ప్రయోగశాల చెప్పగలిగినచో, నాటుపని గ్రామములే చేయగలవు. నాటిన పొదలపై నాటినవారికి హక్కు వ్రాసియిచ్చి, గాటు లోతునకును, విశ్రాంతి సంవత్సరములకును నియమము చేసి, ఆ నియమము ప్రకారము వచ్చిన సరుకునకు ఔషధ సంస్థలు హెచ్చు వెల ఇచ్చినచో, గాటు పెట్టువాడే ఆ పొదకు కావలివాడగును.

ఇంతసేపు రాజస్థానపు పొదను గూర్చి చెప్పితిని గాని, దీనికి సగోత్రమైన వృక్షము మన ఇంటనే యున్నది. శేషాచలపు కొండలలో సహజముగా పెరుగు కొండ గుగ్గిలపు చెట్టు గుగ్గులు కుటుంబమునకే చెందినది. రాతి సందులలో వేరూని, వేసవిలో ఆకులు రాల్చి, గాయమైనచోట పరిమళించు సర్జరసమును స్రవించును. కొండ సాంబ్రాణి యని దానిని సేకరించువారు బెరడును గాట్లతో నింపుచున్నారు. కార్చిచ్చు పలుమారు ఆ గుట్టలను చుట్టుముట్టుచున్నది. విత్తనము సరిగా మొలకెత్తదు. కణుపులనుండి కణజాల సంవర్ధనమున మొక్కలు చేయు ప్రయత్నములు దీని విషయమునను జరిగినవి. ఆ ప్రయత్నములు చేయువారు మోహన్ రాం ప్రభృతులు గుగ్గులును అడిగిన ప్రశ్నలనే ముందుగా దీనిని అడుగవలెనని నా విన్నపము: ఈ చెట్టు విత్తనమెట్లు కట్టుచున్నది, ఏ కీటకము పుప్పొడి తెచ్చుచున్నది, తలకోనయందలి చెట్టునకును తిరుమలయందలి చెట్టునకును భేదమెంత, ఒక చెట్టు ఏడాదికి ఎన్ని గాట్లను భరింపగలదు. అటవీశాఖయు, తిరుపతి విశ్వవిద్యాలయమును, సాంబ్రాణి సేకరించు గ్రామస్థులును కలసి కూర్చున్నచో, ఈ ప్రశ్నలకు నాలుగైదు పుష్పకాలములలో సమాధానములు లభింపగలవు.